తూర్పు కొసన బూడిద గీత

ఆ బుధవారం పొద్దున జయప్రకాశ్ చేతిలో ఉన్నవి మూడు: ప్రార్థన మందిరం తాళంచెవి, సగానికి తగ్గిన అభిషేక తైలం సీసా, తూకంలో తప్పడన్న పేరు. మొదటి రెండూ పాస్టరు అనిల్‌కుమార్‌వి. కిడ్నీలో రాళ్లకు ఆపరేషనని ఖమ్మం వెళ్తూ, తిరిగొచ్చేదాకా సంఘాన్ని చూసుకోమని సంఘ పెద్ద అయిన ఇతని చేతిలో పెట్టిపోయాడు. మూడోది జయప్రకాశ్ సొంతం. వేంసూరు నుంచి వచ్చి, పినపాక అవతల అడవి మొదలయ్యే చోట, తునికిబండలో దుకాణం పెట్టిన ఇరవై రెండేళ్లలో గింజ గింజగా కూడబెట్టుకున్నది.

దుకాణంలో ఉప్పు, నూనె, సబ్బులు అమ్ముతాడు. అడవి నుంచి వచ్చే ఇప్పపువ్వు, చింతపండు, కుంకుళ్లు కొంటాడు. నిండు గంపను కాంటా మీద పెట్టేముందు ఖాళీ గంపను తూచి, ఆ అంకె వెనక నిలబడ్డవాళ్లకు కూడా వినపడేలా చదువుతాడు. పువ్వును గుప్పిట్లో నొక్కి వాసన చూస్తాడు. పచ్చి ఉంటే ఉందని మొహం మీదే చెప్పి ఎండబెట్టుకు రమ్మంటాడు తప్ప, తరుగు పేరు చెప్పి కోసుకోడు. ఆదివారం మందిరంలో విన్న మాట సోమవారం కాంటా దగ్గర పనికిరాకపోతే ఆ వినడం దండగని అతని లెక్క.

దుకాణం తలుపు తీస్తుండగానే పగిడయ్య వచ్చాడు. కొడుకు రమణకు ఐదు రోజులుగా జ్వరం. ఇంటి మూలను చూసి 'ఆమె ఇంకా కూర్చునే ఉంది' అంటున్నాడట. పగిడయ్య మందిరానికి వచ్చే మనిషి కాదు, అతని వేల్పులు అతనికున్నారు. వాళ్లకు కోడిని కోశాడు, మొక్కాడు, గుణం కనపడలేదు. ఇక ఈ దేవుణ్ని కూడా అడిగి చూద్దామని వచ్చాడు.

"నువ్వు తూకం తప్పవు సావుకారి. నీ దేవుడు నీ మాట ఇంటడు. జల్దీ రా," అన్నాడు.

జయప్రకాశ్ నూనె సీసా జేబులో వేసుకుని వెంట నడిచాడు.

ఆ ఇంటి తలుపు తూర్పుకుంది. రమణను తలుపుకెదురుగా మంచం మీద పడుకోబెట్టారు. లోపలా, అరుగు మీదా కలిసి పాతికమంది ఉంటారు. ఆశా కార్యకర్త యశోద తన రిజిస్టరు చంకలో పెట్టుకుని గుమ్మం పక్కన నిలబడి ఉంది. ముందు రోజు సాయంత్రం వేలు గుచ్చి చూస్తే మలేరియా తేలిందనీ, మాత్రలు మొదలుపెట్టాననీ, పూట తప్పొద్దనీ ఎవరు వింటారో చూడకుండా చెబుతోంది. ఎవరూ వినడం లేదు.

జయప్రకాశ్ రమణ నుదుటికి నూనె రాసి, తనకు అలవాటైన తీరులో, మెల్లగా, నాలుగు ముక్కల్లో ప్రార్థన చేశాడు. ముగించి కళ్లు తెరిస్తే పగిడయ్య అతని నోటి వంకే చూస్తున్నాడు, కాంటా మీద అంకె ఎక్కడ ఆగుతుందా అని గంపలవాళ్లు చూసే చూపుతో. మిగతావాళ్లూ అంతే. ఇచ్చిన సరుకు చాల్లేదని జయప్రకాశ్‌కు అర్థమైంది. ఫోనులో చూసే బోధకుల గొంతులు గుర్తొచ్చాయి. చెయ్యి పైకెత్తాడు. వాకిట్లోంచి పొద్దు సూటిగా కళ్లలో పడింది.

"ఈ ఊరికి తూర్పు కొసన కూర్చున్నదానా, ప్రభువు నిన్ను చూశాడు. లే. వెళ్లిపో," అన్నాడు పెద్ద గొంతుతో.

సరిగ్గా అప్పుడే రమణ మూలుగు ఆగింది. మాత్రల మత్తో, అలసటో, కళ్లు మూసుకున్నాడు. ఎవరూ ఆమెన్ అనలేదు. పాతిక తలలూ ఒకేసారి వాకిలి వైపు తిరిగాయి. జయప్రకాశ్ కూడా చూశాడు. దున్ని వదిలేసిన చేలు, ఎండిన వాగు, వాగు గట్టు మీద ఒకే ఒక్క గుడిసె. తూర్పు కొసన ఇంకో ఇల్లు లేదు. అది ఆదెమ్మది.

ఆ క్షణంలో 'నేనన్నది ఆమెను కాదు' అని అనొచ్చు. నోరు తెరిస్తే అయిపోయేది. కానీ అందరూ అతన్ని చూస్తున్న చూపు అంతకుముందు ఎప్పుడూ ఎవరూ చూడనిది. సీసా మూత పెట్టి, అవసరం కన్నా రెండు చుట్లు ఎక్కువ బిగించి, జేబులో వేసుకున్నాడు.

*

ఇప్పచెట్ల కింద పని తెల్లవారకముందే మొదలవుతుంది. ఎండుటాకులు కాల్చి నేల శుభ్రం చేసుకుంటే, ఆ నల్లటి నేల మీద పసుపు తెలుపు పూలు తేలిగ్గా కనపడతాయి. గురువారం పొద్దున జయప్రకాశ్ పంట ఎలా ఉందో చూద్దామని బండి మీద వెళ్లేసరికి చెట్ల మధ్య పొగ మోకాటి ఎత్తున నిలబడి ఉంది. అందులో వంగి ఏరుకుంటున్న ఆడవాళ్లకు కాళ్లు లేనట్టుంది. మామూలుగా ఆ వేళ ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ ఉంటారు. ఆ రోజు పూలు రాలే చప్పుడే వినపడుతోంది. టప్. కాసేపాగి, టప్.

కొసన మూడు చెట్లు ఆదెమ్మవి. అరవై దాటిన మనిషి, ముందూ వెనకా ఎవరూ లేరు. పూలు ఏరుకుంటుంది, చీపుర్లు కడుతుంది, ఎవరి కాలు బెణికినా వేరు నూరి పట్టు వేస్తుంది. ఆ మూడు చెట్ల చుట్టూ విస్తారంగా జాగా ఖాళీగా ఉంది. ఆ మధ్యలో ఆమె ఒక్కతే వంగి ఏరుకుంటోంది. ఊరి నుంచి ఆమె ఇంటికి వెళ్లే బాటకు అడ్డంగా ఎవరో జానెడు వెడల్పున బూడిద గీత పోశారు. గీతకు ఆ కొసన ఒక వేపమండ, ఈ కొసన ఒకటి. గాలి లేదు, బూడిద చెదరలేదు. దాని మీద ఒక్క అడుగు గుర్తు కూడా లేదు.

తిరిగి వస్తుంటే బోరింగు దగ్గర పిల్లలు ఆడుకుంటున్నారు. ఒక పిల్ల నేల మీద పడుకుని ఉంది. ఇంకో పిల్ల ఒక చెయ్యి పైకెత్తి, రెండో చేత్తో జేబు లాంటిది తడుముకుంటూ అంటోంది: "తూర్పు కొసన కూర్చున్నదానా, ప్రభువు నిన్ను చూశాడు." మిగతావాళ్లు ఒకే గొంతుతో, "లే. వెళ్లిపో," అన్నారు. 'లే' తర్వాత తను ఎంత ఆగాడో వాళ్లూ అంతే ఆగారు. జయప్రకాశ్ బండి ఆపకుండా వచ్చేశాడు. దుకాణం దాకా ఆ మాట వెనకే వచ్చినట్టనిపించింది. వీధిలో చింతపండు కొడుతున్న మంగమ్మ కూడా పెదాలు కదుపుతూ అదే అనుకుంటోంది, రోకటి పాటలా.

పదింటికి ఆదెమ్మ గంపతో వచ్చింది. అంతవరకు కాంటా చుట్టూ ముసిరి ఉన్నవాళ్లు దూరంగా జరిగారు. జయప్రకాశ్ ఖాళీ గంప తూచి అంకె చదివాడు. పూలు పోయించి, అలవాటుగా గుప్పెడు తీసి నొక్కాడు. అప్పుడు అతని ముంజేతి మీద వెంట్రుకలు లేచాయి. ఆ మాట తను కల్పించిందేనని ఊళ్లో అతనికి ఒక్కడికే తెలుసు. అయినా లేచాయి. చెయ్యి దానంతటదే లుంగీకి తుడుచుకుంది. ఆదెమ్మ ఆ చేతిని చూసింది, తర్వాత తన చేతుల్ని చూసుకుంది.

"ఆమె పువ్వు వేరే కుప్ప పొయ్యి సావుకారి. మా పువ్వుల కలపకు," అంది మంగమ్మ వెనక నుంచి. అప్పటికే వచ్చి కుప్ప పక్కన నిలబడింది.

జయప్రకాశ్ ఆదెమ్మ పువ్వును మూలన వేరే గోనె మీద పోశాడు. ఆమె ఉప్పు పొట్లం తీసుకుని వెళ్లింది.

శుక్రవారం రమణ లేచి కూర్చుని గంజి తాగాడు. ఆ వార్త దుకాణానికి వచ్చేసరికి వెనక ఊరంతా వచ్చింది. పక్క గూడెం నుంచి కూడా ముగ్గురు వచ్చి, పిల్లల తలల మీద చెయ్యి పెట్టమన్నారు. ఎప్పుడూ పినపాక వెళ్లి సరుకులు తెచ్చుకునే ఇళ్లవాళ్లు కూడా ఇక్కడే కొన్నారు. ఖమ్మం నుంచి అనిల్‌కుమార్ ఫోను చేశాడు. ఆదివారం రమణ చేత సాక్ష్యం చెప్పించమన్నాడు, వీడియో తీసి పంపితే ఖమ్మంలోని పెద్దలకు చూపిస్తానన్నాడు, మందిరానికి కొత్త రేకుల సంగతి అడగడానికి ఇంతకన్నా మంచి సమయం రాదన్నాడు. పడుకుని మాట్లాడుతున్నాడేమో, గొంతు నీరసంగా ఉన్నా సంతోషం తెలుస్తోంది. రమణకు మలేరియా మాత్రలు పడ్డాయని జయప్రకాశ్ చెప్పబోయాడు. "అవి అందరికీ పడతాయి, ప్రార్థన కూడా పడాలిగా," అని పాస్టరు నవ్వాడు.

సాయంత్రం పగిడయ్య వచ్చాడు. అతని మొహం ఐదు రోజుల తర్వాత నిద్రపోయిన మనిషి మొహం. ఆదివారం కొడుకును తీసుకుని మందిరానికి వస్తానన్నాడు, ఇంటి పుంజును కానుకగా ఇస్తానన్నాడు. ప్రార్థన కాగానే అందరూ కలిసి వాగు గట్టుకు పోవాలని ఊళ్లో అనుకున్నారట. గుడిసె విప్పేసి, ఆమెను హద్దు దాటించాలని.

"నువ్వు ముంగట నడువు. నూనె సీసా తెచ్చుకో," అన్నాడు.

"ఆమె పోనంటే?" అన్నాడు జయప్రకాశ్.

పగిడయ్య భుజం మీది గొడ్డలి దింపి, పదును మీద బొటనవేలు ఆనించి చూసుకుని, మళ్లీ భుజానికి ఎత్తుకున్నాడు. "పోతది," అన్నాడు.

లోపల చింతపండు గింజలు తీస్తున్న జయప్రకాశ్ భార్య ప్రసూన అంతా విన్నది. పగిడయ్య వెళ్లాక బయటికి వచ్చి నిలబడింది.

"తూర్పని ఎందుకన్నారు?"

"నోటికొచ్చింది."

"ఎవరు తెచ్చారు నోటికి?"

అతను కాంటా పళ్లెం తుడవడం మొదలుపెట్టాడు. స్టేషనుకు ఫోను చేయమంది ప్రసూన. చేస్తే జీపు వస్తుంది, నలుగురిని కేకలేస్తుంది, వెళ్లిపోతుంది. జీపు వెళ్లాక ఊళ్లో ఏం మిగులుతుందో జయప్రకాశ్ లెక్క వేసుకున్నాడు. తన మాట మిగులుతుంది. అయినా ఫోను చేశాడు. అటు ఎవరో ఆదివారం బందోబస్తు వేరేచోట ఉందనీ, సోమవారం వస్తామనీ చెప్పారు.

*

ఆదివారానికి చెప్పాల్సిన వాక్యభాగాన్ని పాస్టరు ముందే ఒక కాగితం మీద రాసిచ్చి వెళ్లాడు. శనివారం మధ్యాహ్నం దుకాణంలో ఎవరూ లేని వేళ జయప్రకాశ్ దాన్ని తెరిచాడు. కానుక తెచ్చినవాడికి, తనవల్ల నొచ్చుకున్న మనిషి గుర్తొస్తే, కానుకను అక్కడే వదిలి ముందు ఆ మనిషి దగ్గరికి వెళ్లాలన్న భాగం. దాని మీద అతను ఇంతకుముందు రెండుసార్లు మాట్లాడాడు, రెండుసార్లూ బాగా మాట్లాడావన్నారు. కాగితం మడిచి, దుకాణం తలుపు దగ్గరగా వేసి నడిచాడు.

మిట్టమధ్యాహ్నం. ఎవరి నీడ వారి కాళ్ల కిందే ఉంది. బూడిద గీత దగ్గర అతని అడుగు ఆగింది. వెనక్కి చూస్తే వీధిలో ఎవరూ లేరు, కానీ ప్రతి తడిక వెనకా ఎవరో నిలబడ్డట్టు తెలుస్తోంది. గీతను తొక్కకుండా, పక్కన ముళ్లకంపలోంచి దిగి అవతలికెక్కాడు. అలా దిగినందుకు సిగ్గుపడ్డాడు. అయినా వెనక్కి వెళ్లి తొక్కలేదు.

గుడిసె ముందు పొయ్యిలో బూడిద చల్లగా ఉంది. చాప చుట్టి, కుండలో కుండ పెట్టి, రెండు కోళ్లను గంప కింద మూసి, ఆదెమ్మ గడపలో కూర్చుని ఉంది. కాళ్లు చాపి, అరచేతులు ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని వాటినే చూస్తోంది.

"రేపు దాంక ఉండమంటరా, ఇయ్యాల్నే పోవాల్నా?" అంది తలెత్తకుండా.

జయప్రకాశ్ నిలబడే ఉన్నాడు.

"నువ్వొక్కటి చెప్పు సావుకారి. నాకు తెల్వకుండ నాలో ఏమన్న ఉన్నదా? మూడు దినాల సంది సూస్తున్న. పొద్దున లేస్తె ముందు చేతులే సూస్తున్న. రమణకు జరమొచ్చే ముందటి దినం నా కాడికే వచ్చిండు, కాలుకు పట్టు వేసిన. గీ చేతుల్తోనే వేసిన. నాకే భయమైతుంది నన్ను సూస్తే."

ఆమె తిడుతుందనుకుని వచ్చాడు, ఏడుస్తుందనుకుని వచ్చాడు. ఇది లెక్కలో లేదు. ఈ మనిషి తన గుడిసెలో తనతో ఒంటరిగా ఉండడానికి భయపడుతోంది.

"నీలో ఏమీ లేదమ్మా. రమణకు దోమ వల్ల వచ్చిన జ్వరం. నాకు ఎవరూ ఏమీ చూపించలేదు. దేవుడు చెప్పలేదు, కలలో రాలేదు. వాళ్ల తలుపు తూర్పుకుంది. పొద్దు కళ్లలో పడింది. తూర్పు అన్నాను."

"గంతేనా?"

"అంతే."

ఆదెమ్మ చేతులు బోర్లించి మోకాళ్ల మీద పెట్టుకుంది. గంప కింద కోడి కదిలింది.

"ఇంకెవడన్న అంటే నవ్వేదాన్ని," అంది చివరికి. "నీ కాంటా తప్పదని నాలుగు ఊర్లల్ల చెప్పిన నేను. నువ్వు అంటే ఉంటదేమో అనుకున్న."

ఇరవై రెండేళ్లు కూడబెట్టిన పేరు ఎక్కడ ఖర్చయిందో జయప్రకాశ్‌కు అక్కడ నిలబడి తెలిసింది. అబద్ధానికి సొంతంగా బరువుండదు. దానికి బరువు తన కాంటాయే ఇచ్చింది.

దాహంగా ఉందనీ, కాసిన్ని నీళ్లు ఇమ్మనీ అడిగాడు. నీళ్లు తాగితే తను నమ్మడం లేదని ఆమెకు తెలుస్తుందనుకున్నాడు. ఆదెమ్మ కడవ వైపు చూసింది కానీ లేవలేదు.

"ఈడ తాగితే ఎవరు సూస్తరు? అందరి ముంగట అన్నవు, అందరి ముంగట ఎనకకు తీస్కో. అప్పుడు పోస్త నీళ్లు."

*

ఆదివారం మందిరం ఎన్నడూ లేనంతగా నిండింది. లోపల చోటు చాలక కిటికీల దగ్గర నిలబడ్డారు. రమణను దుప్పటి కప్పి ముందు వరసలో కుర్చీలో కూర్చోబెట్టారు. పగిడయ్య పుంజును చంకలో పెట్టుకున్నాడు. గొడ్డళ్లు బయట గోడకు వరసగా ఆనించి ఉన్నాయి. పాస్టరుకు పంపడానికి ఎవరో ఫోను ఎత్తి పట్టుకున్నారు.

పాటలు అయ్యాయి. జయప్రకాశ్ బల్ల వెనక నిలబడి వాక్యభాగం చదివాడు. చదివాక నూనె సీసా తీసి బల్ల మీద పెట్టాడు, పక్కన తాళంచెవి పెట్టాడు. కాంటా దగ్గర అంకె చదివే గొంతుతో చెప్పాడు. బుధవారం తను అన్న మాట దేవుడిది కాదన్నాడు. తలుపు ఎటుందో, పొద్దు ఎక్కడ పడిందో చెప్పాడు. అందరూ చూస్తున్నారని గొంతు పెంచానన్నాడు. రమణకు తగ్గడం మొదలైంది యశోద మంగళవారం వేసిన మాత్రతోననీ, దేవుడు ప్రార్థన వింటాడని నమ్మే తను ఆ మాత్ర కోసం కూడా ఆయనకే దండం పెడతాననీ, ఆదెమ్మ పేరు మాత్రం ఏ దేవుడూ చెప్పలేదనీ అన్నాడు.

"తప్పు తూకం తూచాను. వెనక్కి తీసుకుంటున్నాను," అన్నాడు.

పైన రేకు ఎండకు సాగి టక్కుమంది. ఫోను పట్టుకున్న చెయ్యి మెల్లగా దిగింది. రమణ దుప్పటిలోంచి, "మాత్ర చేదుగున్నది," అన్నాడు, ఎవరో అడిగినట్టు. మూలన కూర్చున్నది ఎవరని తండ్రి అడిగాడు. గుర్తులేదన్నాడు.

పగిడయ్య లేచాడు. బల్ల దాకా వచ్చి జయప్రకాశ్ మొహాన్ని దగ్గరగా చూశాడు.

"అప్పుడు అబద్ధమా, ఇప్పుడా?" అన్నాడు. జవాబు కోసం ఆగకుండా పుంజుతో బయటికి నడిచాడు. అతని వెనక సగానికి పైగా లేచారు.

జయప్రకాశ్ కూడా బయటికి వచ్చాడు. గోడకున్న గొడ్డళ్లు ఒక్కొక్కటే తీసుకుంటున్నారు. వాళ్లకన్నా ముందు తూర్పు బాట పట్టాడు. ప్రసూన వెంట వచ్చింది, యశోద వచ్చింది. మిగతా ఊరు ఇరవై అడుగుల వెనక, చప్పుడు లేకుండా నడిచింది. బూడిద గీత దగ్గర ఈసారి పక్కకు దిగలేదు. దాని మీద కాలు పెట్టాడు. మెత్తగా, చల్లగా ఉంది. మడమతో రుద్దాడు. ఊరు గీతకు ఇవతలే ఆగిపోయింది.

ఆదెమ్మ కడవ, చెంబు పట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది. వంచి పోసింది. అతను దోసిలి పట్టి, అందరికీ కనపడేలా తాగాడు. ప్రసూన తాగింది, యశోద తాగింది. ఊరు చూస్తోంది. పగిడయ్య గొడ్డలి కాడను నేలకు ఆనించి, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని నిలబడ్డాడు.

"మూడు దినాలు సూద్దాం," అన్నాడు.

*

ఆ మూడు రోజులూ ఊరు అతన్ని చూసింది. కొనడానికి వచ్చేవాళ్లు తక్కువ, వీధిలో ఆగి చూసి పోయేవాళ్లు ఎక్కువ. ఉప్పు పొట్లం కడుతుంటే చేతులు వణుకుతున్నాయా అని చూశారు. దగ్గితే ఆగారు. సోమవారం వచ్చిన జీపు ఎవరినీ ఏమీ అడగకుండా తిరిగి వెళ్లింది, అది మాత్రం వాళ్లకు పట్టలేదు. మంగమ్మ ఏదో అడగబోతున్నట్టు వచ్చి, అతని కనుగుడ్ల రంగు చూసి వెళ్లింది. బోరింగు దగ్గర పిల్లలు కొత్త ఆట ఆడుతున్నారు. ఒకరు దోసిలితో తాగినట్టు చేస్తారు, మిగతావాళ్లు చుట్టూ కూర్చుని ఎప్పుడు పడిపోతారా అని ఎదురుచూస్తారు. మంగళవారం పొద్దున జయప్రకాశ్‌కు తల బరువనిపించింది. అద్దం ముందు నాలుక చాపి చూసుకున్నాడు. వెనక ప్రసూన కూడా అదే చేయబోతూ ఆగిపోవడం అద్దంలో కనపడింది. ఇద్దరూ నవ్వలేదు. తనకే ఇలా ఉంటే, మూడు రోజులు ఒంటరిగా చేతులు చూసుకున్న మనిషికి ఎలా ఉండి ఉంటుందో అప్పుడు తెలిసింది.

అనిల్‌కుమార్ ఫోను చేశాడు. సంఘంలో ఏమైనా ఉంటే తనకు ముందు చెప్పి ఉండాల్సిందన్నాడు. తను వచ్చేదాకా తాళంచెవి వేరే పెద్దకు ఇవ్వమన్నాడు. పెట్టేసే ముందు, "ఆమెకు ఇప్పుడు ఎలా ఉంది?" అని అడిగాడు.

బుధవారం పొద్దున జయప్రకాశ్ లేచాడు, కాంటా తుడిచాడు, దుకాణం తెరిచాడు. పదింటికి ఆదెమ్మ గంపతో వచ్చింది. ముందున్నవాళ్లు జరిగారు, కానీ పోయినసారి అంత దూరం కాదు. అతను ఖాళీ గంప తూచి, అంకె చదివి, పువ్వు గుప్పిట్లో నొక్కి, ఆ చేతిని తుడుచుకోకుండా పువ్వును పెద్ద కుప్పలో పోశాడు. మంగమ్మ తన గంప పట్టుకుని కుప్పనూ, జయప్రకాశ్‌నూ కొంతసేపు చూసింది. తర్వాత ఆ కుప్ప మీదే పోసింది. రోడ్డవతల పగిడయ్య నిలబడి చూశాడు. దుకాణంలోకి రాలేదు. గొడ్డలి మాత్రం తేలేదు.

వారానికి లెక్క ఇది. తాళంచెవి పోయింది. సీసాలో నూనె బుధవారం ఎంతుందో అంతే ఉంది. సంఘంలో ముప్పై ఇళ్లకు పదకొండు మిగిలాయి. పేరుకు తరుగు పడింది, ఎంతో ఇంకా తేలలేదు. వాగు గట్టు మీద పొద్దున్నే పొయ్యి పొగ లేస్తోంది.

ఇంకొకటి కూడా వచ్చింది. ఆ రోజు ఆదెమ్మ వెళ్లబోతూ కాంటా దగ్గర ఆగింది. ఇరవై రెండేళ్లలో ఎన్నడూ అంకె వైపు చూడని మనిషి, ముందుకు వంగి చూసింది.

"ఖాళీ గంప మళ్లొకపారి తూచు సావుకారి," అంది.

అతను మళ్లీ తూచాడు.